తూర్పు వాకిలి స్టేడియం

"ఆ దేశానికి స్టేడియం కట్టింది నేనే తల్లీ," అన్నారు శ్రీరాములు గారు, పెనం మీద పెసరట్టు తిరగేస్తూ. "నేను దిగేనాటికి అక్కడ మేకలు మేసేయి. నేను ఓడెక్కేనాటికి ఇరవై వేలమంది కూర్చుని ఈలలేశారు."

ఆ దేశంలో అప్పుడు మొత్తం జనాభాయే పద్దెనిమిది వేలని సాత్వికకి తర్వాత తెలిసింది. అప్పటికే సగం అసైన్‌మెంట్ రాసేసింది.

సాత్వికది జగిత్యాల. కెనడాలోని ఒషావాలో శ్రీరాములు గారి ఇంటి బేస్‌మెంట్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి అద్దెకుంటోంది. చదివేది స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా. కాలేజీ అనగానే చెట్లూ మైదానాలూ ఊహించుకోకండి. ఒక ప్లాజాలో కార్పెట్ల దుకాణం పైన రెండంతస్తులు, అంతే. ఆ ఏడాది విమానాల నిండా మన పిల్లలే దిగారు. దిగినవాళ్లని కూర్చోబెట్టడానికి చాలక, దుకాణం వెనక సామాన్ల గది కూడా క్లాసురూమ్ అయింది. కార్పెట్ల వాసనలో క్రీడల గురించి చదువుకునేవాళ్లు.

చివరి సెమిస్టర్‌లో చీటీలు తీయించి, తలకొక చిన్న దేశం పంచి, ఆ దేశపు జాతీయ ఫుట్‌బాల్ స్టేడియం ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో రాయమన్నారు. సాత్వికకి వచ్చింది, మ్యాపు మీద ఈగ వాలితే కనపడకుండా పోయే దీవి. దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు. అక్కడివాళ్లకి ఆ స్టేడియం మీద ప్రేమ ఎక్కువ, దాని గురించి మాట్లాడేవాళ్ల మీద కోపం ఇంకా ఎక్కువ.

శ్రీరాములు గారికి డెబ్బై మూడేళ్లు. తణుకు దగ్గర పల్లెలో, ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఇరవై రెండేళ్లప్పుడు ఒక కంట్రాక్టరు వెంట ఆ దీవికి వెళ్లారు. అట్నుంచటే కెనడా వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు తలుపులు బిగించి రిటైరయ్యారు. సాత్విక చీటీలో ఆ దేశం పేరు చూడగానే ఆయన మొహం పెనం కంటే ఎక్కువ వెలిగింది.

"ఇంజనీరు గీసిన ప్లానులో మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉంది," అని మొదలెట్టారు. "అలాగే ఉండాలంట, సాయంత్రం ఎండ ఎవడి కళ్లల్లోనూ పడకుండా. పెద్ద గేటేమో దక్షిణానికి పెట్టాడు. మా ఓవర్సీరు దక్షిణామూర్తి ఆ కాగితం చూసి అగ్గయిపోయాడు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం, మొట్టమొదటి కట్టడం, యముడి దిక్కుకి వాకిలేంటిరా అన్నాడు. ఇంకేముంది, కాగితాన్ని ఇలా పక్కకి తిప్పాడు. దక్షిణం గేటు తూర్పుకొచ్చింది. తాళ్లు కట్టి మేకులు కొట్టేశాం."

"ఇంజనీరు చూడలేదా అంకుల్?"

"ఆయనకి జ్వరం. ఆయన లేచేలోపు పునాదులు లేచాయి."

"నూట ఇరవయ్యోసారి," అన్నారు ఆయన భార్య చాముండేశ్వరి గారు, చట్నీ గిన్నె బల్ల మీద పెడుతూ. "ఒకసారి ఇంజనీరుకి జ్వరం, ఒకసారి పాము కరిచింది."

"జ్వరంలో ఉండగా పాము కరిచింది. నువ్వు మధ్యలో రాకు."

అలా తిరగబడిన మైదానంలో మొదటి ఆట స్వాతంత్ర్య దినం సాయంత్రం ఐదింటికి. ఆ దేశపు గోల్‌కీపరు తూర్పు గోలులో నిలబడ్డాడు, మొహం పడమటికి. ఎదురుగా సముద్రం మీద ఎర్రటి సూర్యుడు. బంతి ఎటునుంచి వస్తోందో కనపడకుండానే ఆరు గోల్సు తిన్నాడు పాపం. రెండో సగానికి జట్లు వైపులు మారాయి, సూర్యుడు కూడా మునిగిపోయాడు. అవతలివాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. జనం గోల్‌కీపరు ఇంటి కిటికీలు పగలగొట్టారు. అతను మళ్లీ ఆడలేదు. తర్వాత వచ్చిన గోల్‌కీపరు తెలివైనవాడు. కొబ్బరాకుల గొడుగు నెత్తికి కట్టుకుని దిగాడు.

అప్పట్నుంచీ ఆ స్టేడియం ఎదిగిందంతా ఆ ఎండని దాచడానికే. మొదట పడమటి వైపు కొబ్బరి మొక్కలు నాటారు. అవి ఎదిగేలోపు ఓపిక చచ్చి పెద్ద చెక్క స్కోరుబోర్డు నిలబెట్టారు. అది తుఫానుకి ఎగిరిపోతే కాంక్రీటు గ్యాలరీ, దానిమీద రేకుల కప్పు. చివరికి ఫ్లడ్‌లైట్లు పెట్టి, ఆటలే పొద్దుగుంకాక మొదలెట్టారు. ఫుట్‌బాల్ సంఘం వెబ్‌సైట్‌లో మాత్రం మైదానాన్ని అలా తిప్పింది ప్రేక్షకులకి సముద్రపు గాలి తగలాలని, కొబ్బరిచెట్లు అందం కోసం అని ఉంది. మొదటి ఆట గురించి ఒకే వాక్యం ఉంది: గోల్‌కీపరు వైఫల్యం.

సాత్విక ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. కాఫీషాపులో తెల్లవారుజాము షిఫ్టు చేసి, బస్సు తప్పిపోతే మంచులో నలభై నిమిషాలు నడిచొచ్చి, ఆ కోపంతో ఇరవై పేజీలు రాసింది. చివరి పేజీ అంతా ఆ గోల్‌కీపరు గురించే. తప్పు ఎండది, ఎండకి ఎదురు తిప్పినవాళ్లది, నింద మాత్రం ఒక్కడిదని రాసింది.

పది రోజులకి ఇన్‌స్ట్రక్టర్ కీత్ నుంచి ఈమెయిల్ వచ్చింది. సున్నా మార్కులు. వాస్తు కథకీ గొడుగు కథకీ ఆధారాలు లేవట, కల్పించి రాసినట్టుందట, అకడమిక్ ఇంటెగ్రిటీ మీటింగ్‌కి, అంటే విచారణకి, రావాలట. పక్క సీటు తారక్ తన చీటీలో వచ్చిన దేశపు వెబ్‌సైట్ పేజీని మాటలు అటూ ఇటూ మార్చి పెట్టాడు. వాడికి తొంభై.

సాత్విక ఫోను పట్టుకుని పైకొచ్చింది. ఈ ఒక్క సబ్జెక్టు పోతే కోర్సు ఆగస్టుకి పూర్తవదు. స్టడీ పర్మిట్ ఆగస్టుతోనే అయిపోతుంది. ఆ తర్వాత వర్క్ పర్మిట్ మాటే ఉండదు.

"అంకుల్, మీరు రండి నాతోని. స్టేడియం కట్టిన మనిషే వచ్చి చెప్తే ఎట్ల నమ్మరో చూస్త."

శ్రీరాములు గారు నవ్వారు. హాయిగా, పొట్ట ఊగేలా నవ్వారు.

"కట్టడమా! నేనా! నేను మేకులు కొట్టేవాణ్ణి తల్లీ. తాడు ఒక కొస ఎవడో పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకునేవాణ్ణి. కట్టినోళ్లు ఎవరో కట్టారు."

"మరి ఇరవై వేల మంది?"

"ఓ రెండొందలుంటారు. మేకల్ని కలుపుకుంటే మూడొందలు."

ఆమెకి ఒళ్లు మండింది. అరిచిన అరుపు ఇల్లంతా వినపడింది. "మీకు ఇది ముచ్చట అంకుల్! పొద్దుపోక చెప్పుకునే ముచ్చట! నాకు బతుకు. మా నాన్నకు ఏమని చెప్పాలె, గొడుగు నమ్మి ఫెయిలైన అని చెప్పాల్నా?"

శ్రీరాములు గారి నవ్వు ఆగింది. చాముండేశ్వరి గారు స్టవ్ ఆర్పేశారు. ఆయన, "మీటింగ్ ఎన్నింటికి?" అని అడిగారు.

మీటింగ్ సామాన్ల గది పక్కనున్న అద్దాల గదిలో. కీత్ ఎర్రటి స్వెట్టరు వేసుకున్న నడివయసు మనిషి, వారానికి మూడు కాలేజీల్లో పాఠాలు చెప్పే అలసట మొహంలో ఉంది. శ్రీరాములు గారు మందపాటి చలికోటు విప్పకుండానే కూర్చుని, ఫ్యాక్టరీలో నేర్చిన ఇంగ్లీషులో మొదలెట్టారు.

"సార్, నీ ఫోనులో మ్యాపు తియ్యి. పైనుంచి ఫొటో కనపడుద్దే, అది. నేను చూడను, ఇదిగో ఇటు తిరిగి కూర్చుంటా. ఆ మైదానం సరిగ్గా తూర్పుకి ఉండదు. దక్షిణం వైపు పన్నెండు డిగ్రీలు వాలి ఉంటుంది. కొలుచుకో."

కీత్ అయిష్టంగానే కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. "పన్నెండు," అన్నాడు. "మీకెలా తెలుసు?"

"జేబు దిక్సూచి పెట్టి గీశాం గనక. మా ఊళ్లో దాని ముల్లు ఎటు చూపిస్తే అదే ఉత్తరం. ఆ దీవిలో ముల్లు పన్నెండు డిగ్రీలు పక్కకి పోద్దని ఓడల్లో తిరిగేవాళ్లకి తెలుసు. మాకెవరు చెప్తారు? గాలి కోసం కట్టినోళ్లయితే గాలి ఎటుంటే అటు కడతారు. ముల్లు ఎటు తప్పితే అటు తప్పారంటే అది దిక్కు చూసుకుని కొట్టిన మేకే. దక్షిణం వద్దు వద్దని తప్పించుకుని, చివరికి కొంచెం దక్షిణానికే తగలడ్డాం."

కీత్ మరో పేజీ తెరిచాడు. ఆ దీవి దగ్గర దిక్సూచి ఎంత తప్పుతుందో అందులో ఉంది. చదివి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. అద్భుతంగా ఉంది, ఇక మర్చిపోదాం, మార్కులు వేస్తాను, ఆ గొడుగు ముక్క మాత్రం తీసేయి అన్నాడు.

సాత్విక నవ్వలేదు. "నన్నెందుకు పిలిచారు? కాపీ కొట్టినవాళ్లని ఎందుకు పిలవలేదు?"

వాళ్లు రాసింది వెబ్‌సైట్లతో సరిపోయిందని, ఆమె రాసింది దేనితోనూ సరిపోలేదని కీత్ చెప్పాడు. చెప్పాక, తన మాట తనకే వినపడినట్టు కాస్త తల దించుకున్నాడు.

"నాకు లెటర్ కావాలి. కల్పితం కాదని, పరిశీలించామని. మీ సంతకంతో. ఈరోజే."

లెటర్ ప్రింటయ్యేదాకా ఆమె కూర్చోలేదు. ప్రింటరు దగ్గర నిలబడే ఉంది.

ఇద్దరూ కారులో తిరుగుదారి పట్టారు. రోడ్ల పక్క మంచు బూడిదరంగు ముద్దలై కరుగుతోంది. లెటర్ ఒళ్లో పెట్టుకుని సాత్విక అంది:

"ఇప్పుడన్న చెప్పండి. గొడుగు అబద్ధమే గదా?"

"గొడుగు నిజం. ఈ కళ్లతో చూశా. నా చేత్తో ఆకులు అల్లిచ్చా వాడికి."

"మీరెందుకు అల్లిచ్చిన్రు?"

ఎర్ర లైటు పడింది. శ్రీరాములు గారు స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తున్నారు. పొద్దుట్నుంచీ ఉన్న హుషారంతా ఎక్కడికి పోయిందో.

"అంకుల్, ఏది అబద్ధం?"

"మొదటి గోల్‌కీపరు ఇంటి కిటికీలకి రేకులు కొట్టడానికి నేనే వెళ్లా. వాడు నాకు టీ ఇచ్చాడు. చెబుదామనుకున్నా. చెప్తే కంట్రాక్టరు ఓడెక్కించి పంపేస్తాడు. టీ తాగి వచ్చేశా."

పచ్చ లైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఈయన కదల్లేదు.

సాత్వికకి అప్పుడు అర్థమైంది. ఒళ్లో లెటర్ వైపు చూసింది. అందులో దక్షిణామూర్తి పేరు ఉంది, కీత్ సంతకం పక్కనే. అసైన్‌మెంట్‌లో పద్నాలుగు చోట్ల ఉంది. మళ్లీ కోపం కాళ్ల నుంచి పైకి పాకింది, ఈసారి ఇంకా వేడిగా.

"కారు వెనక్కి తిప్పండి."

"మళ్లీ మొదటికొస్తుందేమో తల్లీ."

"రానీయండి. గోల్‌కీపర్ మీద నింద పెట్టింది సాలక ఇంకో మనిషి మీద గూడ పెట్టినం. నా పేరు మీద రాసిన కాగితంల అది ఉండది. తిప్పండి అంటున్న గదా!"

శ్రీరాములు గారు ఇండికేటర్ వేశారు. వెనక హారన్లు మోగుతుండగా, ఫ్యాక్టరీలో తలుపులు బిగించిన చేతులతో నిదానంగా కారు తిప్పారు.

"దక్షిణామూర్తి అనేవాడు ఎవడూ లేడమ్మా," అన్నారు. "ఓవర్సీరే లేడు. ఇంజనీరు జ్వరంలో పడితే కాగితం నా చేతికొచ్చింది, తిప్పింది నేను. మిగతాదంతా జరిగింది, ఆ ఒక్క మనిషినే నేను కల్పించా."