నేరేడు రంగు నిద్ర

వరహాలమ్మ రోజూ ఏడింటికల్లా తాడేపల్లిగూడెం మార్కెట్లో సోడా కొట్టు తెరుస్తుంది. గట్టు కడిగి, సీసాలు తుడిచి, నిమ్మకాయలు బుట్టలో పేరుస్తుంది. వెనక అలమరలో ఒక పాత గోలీసోడా సీసా ఉంటుంది. అందులో ఆమె కొడుకు జగదీష్ నిద్ర ఉంది.

ఆమె ఉండే పేటలో లారీ డ్రైవర్ల ఇళ్లన్నిటా ఇలాంటి సీసాలుంటాయి. మేలుకుని బండి తోలినవాడి నిద్ర మెడమీది తువ్వాలులోకి దిగుతుంది. ఆడవాళ్లు దాన్ని పిండి దాచి, సెలవు రోజున తాగిస్తారు. ముదురు వంగపండు రంగులో ఉంటుంది. ఒకరిది ఇంకొకరికి పోయకూడదు. ఎవరి నిద్రలో వాళ్ల పలవరింతలుంటాయి, ఆ ఇంటివాళ్లు లేపితేనే అది వదులుతుంది. ఏడుపు ఆపడంలేదని పక్కింటి తులసి పసిపిల్లకి మామగారి నిద్ర ఒక చెంచా పట్టింది. పిల్ల గంటసేపు క్లీనర్ని బూతులు తిట్టింది.

జగదీష్ కొల్లేరు చేపలు హౌరాకి తోలేవాడు. రెండేళ్ల కిందట ట్రిప్పు మీద ట్రిప్పుగా మూడు రాత్రులు కన్ను మూయకుండా నడిపి, బరంపురం దాటాక బండి బోల్తాపడి చనిపోయాడు. "మందు కొట్టి నడిపాడు" అన్నాడు లారీల యజమాని, ఏలూరు ఫణీంద్ర. కాగితాల్లోనూ అదే రాయించాడు. తన కొడుక్కి మందు వాసనే పడదని వరహాలమ్మ ఎందరికో చెప్పింది. ఎవరూ వినలేదు. పోలీసులిచ్చిన మూటలో తువ్వాలుంటే పిండి సీసాలో పోసుకుంది.

అప్పట్లో డ్రైవర్లకి నిద్ర రాకుండా కొని పోసిన ఎనర్జీ డ్రింకులాంటిదే ఫణీంద్ర ఇప్పుడు 'చురుకు' పేరుతో తనే తయారుచేసి అమ్ముతున్నాడు. కొత్త రుచి వచ్చినప్పుడల్లా గూడెం కొట్లవాళ్లని పిలుస్తాడు. సరుకు తెచ్చినవాడు మొదటి గ్లాసు తనే తాగాలి, అదీ కొట్లవాళ్లలో పెద్దవాళ్ల చేతిమీదుగా. మార్కెట్ పద్ధతి అది. వాళ్లలో పెద్దది వరహాలమ్మే. నిమ్మ రుచి వచ్చినప్పుడు వరహాలమ్మ సీసాలోది కలపకుండా ఊరుకుంది. నారింజకీ ఊరుకుంది. రంగు తేడా తెలిసిపోతుంది. ఈసారి నేరేడు అన్నారు. సీసా కొంగులో పెట్టుకుని వెళ్లింది.

పదకొండింటికి కల్యాణమండపం నిండింది.

"కానివ్వండి వరహాలమ్మగారూ," అన్నాడు కొట్ల సంఘం ప్రెసిడెంటు తాతాజీ. "ముందు ఆయనకి దిగితేనే మాకు గొంతు దిగేది."

ఫణీంద్ర మైకు పట్టుకుని నవ్వాడు. ఆమె ఎవరి తల్లో అతనికి తెలీదు. డ్రైవర్ల గడప అతనెప్పుడూ తొక్కలేదు.

"నిండుగా పోయండమ్మా. ఇది తాగితే మూడు రోజులు నిద్ర మాటే ఉండదు."

"అలాగేనండీ."

స్టేజీ కింద నిలబడే గ్లాసులో సగం డబ్బాలోది పోసింది. మిగతా సగం కొంగుచాటున సీసాలోది పోసింది, చుక్క మిగల్చకుండా.

ఫణీంద్ర గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"నేరేడులా ఉందాండీ?" అని అరిచాడు తాతాజీ.

"చల్లగా..." అంటూ ఫణీంద్ర కుర్చీలో కూలబడ్డాడు. గురక మైకులో హాలంతా వినిపించింది.

"బాగానే పనిచేస్తోందండోయ్!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

గురక ఆగి, ఫణీంద్ర నోట వేరే గొంతు పలికింది.

"ఫణీంద్రగారూ, కళ్లు మూసుకుపోతున్నాయండీ. ఒక్క గంట బండి పక్కకి పెట్టుకుంటానండీ." ఫోన్లో అవతలి మాట విన్నట్టు కాసేపు ఆగింది. "ఐసు కరిగిపోతే నా ఉద్యోగం పోతుందంటే ఎలాగండీ? ఇంకో డబ్బానా? ఇప్పటికే ఆరయ్యాయండీ. చేతులు వణుకుతున్నాయి."

తాతాజీ లేచి నిలబడ్డాడు.

"ఇది మన జగదీష్ గొంతు కదండీ?"

"మావాడేనండీ," అంది వరహాలమ్మ.

చురుకు డబ్బాలు తోలుకొచ్చిన డ్రైవర్లిద్దరు స్టేజీ ఎక్కి, బండి తాళాలు బల్లమీద పడేసి వెళ్లిపోయారు.

మేనేజరు ఏసుకుమార్ నీళ్లు కొట్టాడు, భుజాలు పట్టి కుదిపాడు. ఫణీంద్ర కదల్లేదు. ఎవరి నిద్రో వాళ్ల ఇంటివాళ్లే లేపాలని ఏసుకుమార్‌కీ తెలుసు. వరహాలమ్మ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"లేపండమ్మా. కొట్లవాళ్లంతా చూస్తున్నారు. పరువు పోతోంది."

"అవునండీ, చూస్తున్నారు," అందామె.

అప్పుడు మైకులో మళ్లీ ఆ గొంతు, ఈసారి మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టు:

"అమ్మా, ఐదింటికి లేపు. లోడింగుంది."

వరహాలమ్మ స్టేజీ ఎక్కింది. మైకు పక్కకి జరిపి, ఫణీంద్ర చెవి దగ్గరకి వంగింది.

"పడుకో నాన్నా. ఇవాళ లోడింగ్ లేదు."