కనకయ్య పరగడుపు మాత్ర

ఇంకాస్త ఇటు జరగండమ్మా, గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

సూరత్ దగ్గరి జోల్వాలో మంగ అని ఒక ఇల్లాలు ఉండేది. ఆమె మగడు కనకయ్య మరమగ్గాల కార్ఖానాలో రాత్రి షిఫ్టు సాంచాలు నడిపేవాడు. ఆయనకంటే ముందు ఆయన పొట్ట గుమ్మం దాటేది. దానికి తోడు షుగరు. మంగ ఆయన్ని పక్కనున్న కడోదరాలో డాక్టర్ ఇందుజ దగ్గరికి లాక్కుపోయింది. ఇందుజ అక్కడే పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ల పిల్ల. మందు రాసే ముందు ఏం తింటావు, ఎప్పుడు పడుకుంటావు, ఏం పని అని మనిషి మనిషినీ విడిగా అడిగేది. కనకయ్య అన్నీ ఉన్నదున్నట్టు చెప్పి, ఒక్కచోట అబద్ధమాడాడు. పగటి షిఫ్టు అన్నాడు. రాత్రి పని మానమంటుందేమో, అది కార్ఖానా సేటు చెవిన పడితే తన సాంచాలు ఇంకొకడికి ఇచ్చేస్తాడేమోనని బెంగ. పక్కనే ఉన్న మంగ నోరు మెదపలేదు.

పొద్దున పరగడుపున మాత్ర, వెంటనే టిఫిను అని రాసింది ఇందుజ. కనకయ్యకు పొద్దున అంటే డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళ. వచ్చేవాడు, మాత్ర మింగేవాడు, రెండు గుక్కల చాయ్ తాగి ఒరిగిపోయేవాడు. తినకుండా పడుకుంటే పొట్ట ఇంకా తొందరగా కరుగుతుందని ఆయన నమ్మకం.

ఒకరోజు మంగకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి దగ్గరికి పోతుంది, వచ్చి మగని ముఖం చూస్తుంది, మళ్లీ గడప దగ్గరికి పోతుంది.

పక్కింటి నర్సవ్వ తొంగిచూసింది. "ఏందే మంగా, గట్ల తిరుగుతున్నవ్? పడుకున్నోని మీద కావలి పెట్టిన్రా నిన్ను?"

"నిద్రలో ఏదో గొణుగుతున్నడు పెద్దవ్వా. చెమటలు కారుతున్నయ్."

నర్సవ్వ వచ్చి నుదురు పట్టి చూసింది. మంచులా ఉంది. "అరే కనకయ్యా! లేవయ్యా!" అని కుదిపితే కళ్లు తెరిచాడు గానీ, ఎక్కడున్నాడో తెలియలేదు. లేపి కూర్చోబెట్టి, గుటక వేస్తున్నాడని చూసుకుని, చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా తాగించారు. కాసేపటికి మనిషి తేరుకున్నాడు. మంగ మాత్రం తేరుకోలేదు. అప్పటికప్పుడు ఆటో పిలిచింది.

ఆటోలో కనకయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. "డ్యూటీ ముచ్చట ఎత్తకు. సేటు సాంచాలు గుంజుకుంటడు."

"నువ్వుంటే గద సాంచాలు!"

ఆ ముక్క అన్నాక కూడా ఆమె చేతులు కొంగును మెలిపెడుతూనే ఉన్నాయి. చెబితే కూడు పోతుందేమో. చెప్పకపోతే మనిషే పోతాడేమో.

ఇందుజ రక్తంలో షుగరు ఎంతుందో చూసి, తలెత్తింది. "కాకా, సచ్ బోలో, నిజం చెప్పు. మాత్ర ఏసుకొని ఏం తిన్నవ్?"

కనకయ్య గోడవైపు తిరిగాడు. మంగ లేచి నిలబడింది. "ఆయనది రాత్రి డ్యూటీ, డాక్టరమ్మా. రాత్రి పని మానమంటరేమోనని మేము అబద్ధం చెప్పినం. మీ పొద్దు ఆయనకు పండుకునే యాళ్ల."

ఇందుజ పాత చీటీ ముందుకు లాక్కుంది.

"రాత్రి పని బంద్ చెయ్యమని నేను చెప్పిన్నా?" అంది ఇందుజ. "నువ్వు లేచి మొదటి ముద్ద తిన్నప్పుడే నీకు పొద్దు. ఆ లెక్కన రాస్త. షిఫ్టు మారితే ముందు నాకు ఫోన్ కొట్టు."

"సేటుకు చెప్తవా, బిడ్డా?"

"నీ ఒంటి ముచ్చట సేటుకెందుకు, కాకా?"

తినకుండా మింగితే షుగరు మరీ పడిపోతుందని ఆ మాత్ర తీసేసి వేరేది రాసింది. పని మధ్యలో తినడానికి డబ్బా కట్టుకోమంది. ఇంటికొచ్చాక కొంచెం తినకుండా తల వాల్చొద్దంది. పొట్ట నిదానంగానే తగ్గుతుంది, కడుపు మాడ్చుకునే పనిలేదని చెప్పింది.

కనకయ్య ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తనంతట తానే పళ్లెం ముందు కూర్చున్నాడు. "ఉన్న రొట్టె ఎయ్యి. పండుకుంట" అన్నాడు. మంగ వేసింది. ఆయన తిని నిద్రపోయినా, ఆమె పక్కనే కూర్చుని ఆయన ఛాతీ లేచి పడటం చూస్తూనే ఉంది.

మీ వాడలో రాత్రి డ్యూటీకి పోయేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఈ మంగ సంగతి మనసులో పెట్టుకుని, వాళ్ల ఇంటి ఆడవాళ్లకు చెప్పండమ్మా. మర్చిపోకండి.