హాల్లో సముద్రం కారిన ఆదివారం

ఉపేందర్ పెళ్లి విందులో మటన్ గిన్నె తన బంతి దాకా రాలేదని అలిగి వెళ్లిన లింగమ్మ, ఇన్ని నెలలకు మెత్తబడి, ఆదివారం భోజనానికి వస్తానని కబురు పంపింది. లింగమ్మ ఉపేందర్‌కు మేనత్త. తన ఊరు పాల్మాకులలో ఆమె మాటకు ఎదురు లేదు. ఆమె నవ్వగా చూసినవాళ్లు ఉన్నారో లేరో తనకైతే తెలియదని ఉపేందర్ అనేవాడు. అందుకే అతని భార్య, కొత్త కోడలు అఖిల శనివారం పొద్దుటి నుంచే మసాలాలు నూరి, ఇల్లు రెండుసార్లు కడిగింది.

హాల్లో సోఫా ఉండాల్సిన చోట పెద్ద గాజు తొట్టి ఉంది. ఉపేందర్‌ది ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. అక్కడ థర్మోకోల్ పెట్టెల్లో, గాలి నింపిన కవర్లలో విమానమెక్కి వచ్చే సముద్రపు చేపలను చూసీ చూసీ మనసు పారేసుకున్నాడు. శుద్ధి చేసిన నీళ్లలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి, శంషాబాద్‌లో మొదటి అంతస్తు కిరాయి ఇంట్లో సముద్రం కట్టుకున్నాడు. అందులో నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు, ఎర్ర చారల రొయ్య ఒకటి, గుల్లను వీపున మోసుకుని తిరిగే పీత ఒకటి ఉన్నాయి. మొదట్లో అఖిల వాటిని సవతుల్లా చూసింది. నెల తిరిగేసరికి ఆయన కంటే ముందు లేచి మేత వేసేది తనే.

శనివారం సాయంత్రం, చాపలు పరవడానికి చోటు చాలడం లేదని ఆలుమగలిద్దరూ తొట్టిని స్టాండుతో సహా కిటికీ వైపుకి జానెడు జరిపారు. సగం నీళ్లు తీసేసి జరుపుదామని ఉపేందర్ అన్నాడు. జానెడే కదా అని అఖిల అంది. ఇద్దరూ కలిసి ఒక్క తోపు తోశారు. ఎక్కడో కిర్రుమంది. స్టాండు అనుకున్నారు.

ఆదివారం ఉపేందర్‌కు పొద్దుటి డ్యూటీ. అఖిల బగారా అన్నానికి పోపు వేసి హాల్లోకి వచ్చేసరికి అరికాలు తడిసింది. నల్లా విప్పి ఉందేమోనని చూసింది. లేదు. వంగి, వేలు ముంచి నాలుకకు తాకించింది. ఉప్పన. గాజులు కలిసే కింది మూలలో జిగురు లేచి, నీళ్లు బొట్టు తర్వాత బొట్టుగా దిగుతున్నాయి. అక్కడ వేలితో అదిమితే పక్కనుంచి వచ్చాయి. రెండు వేళ్లు పెడితే మూడో చోట నుంచి వచ్చాయి. మూడో చేత్తో ఫోన్ చేయాలనిపించింది గాని, అది లేదు కాబట్టి తొట్టిని వదిలేసి ఫోన్ చేసింది.

"ముందుగాల మెయిన్ స్విచ్ బందు చెయ్యి," అన్నాడు ఉపేందర్. "నీళ్లల్ల కరెంటు వైర్లున్నయ్. తర్వాత నీళ్లు బకెట్లల్లకు తియ్యి. పారబొయ్యకు, చేపలకు గవ్వే నీళ్లు గావాలె. ఇత్తడి, రాగి మాత్రం తగలనియ్యకు, రొయ్య చస్తది. సబ్బు తగిలిన బకెట్ గూడ వద్దు."

స్విచ్ దించింది. ఇక బకెట్లు. పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గుండిగ గూట్లో మిలమిలలాడుతోంది, అది పనికిరాదు. ఇంట్లో సబ్బు ఎరగని బకెట్ ఒక్కటీ లేదు. అఖిల మెట్లు రెండేసి దిగి, కింద ఉండే ఇంటి ఓనరు పెంటయ్య తలుపు తట్టి, సబ్బు తగలని బకెట్లు ఉన్నాయా అని అడిగింది. పెంటయ్య అరవై ఏళ్ల బతుకులో ఇలాంటి ప్రశ్న విని ఉండడు. అయినా ఎందుకని అడగలేదు. కూతురి పెళ్లిలో పెరుగు వడ్డించడానికి తెచ్చి, వాడకుండానే మిగిలిన బకెట్లు రెండు, ఇంకా వడ్లు పోయని కొత్త నీలం డ్రమ్ము ఒకటి భుజాన వేసుకుని ఆమె వెనకే మెట్లెక్కాడు.

పైపు ఒక కొస తొట్టిలో వేసి, రెండో కొస నోట పెట్టుకుని అఖిల గట్టిగా పీల్చింది. సముద్రం చూడకముందే దాన్ని గుక్కెడు తాగేసింది. దగ్గుతూ, ఉమ్ముతూ పైపును డ్రమ్ములో పడేస్తే నీళ్లు దిగడం మొదలైంది. చేపలు పట్టే చిన్న జాలీ పట్టుకుని వాటి వెంట పడింది. అవి రాళ్ల చుట్టూ కుడికి తిరిగితే తను ఎడమకు తిరిగింది. పెంటయ్య అవతలి నుంచి గాజు మీద తట్టి వాటిని అదిలించాడు. చివరికి జంట చేపలూ రొయ్యా ఒక బకెట్లోకి చేరాయి. పీత కనిపించలేదు. రాళ్లు తీసి రెండో బకెట్లో పెట్టింది.

ఇక గట్టెక్కామనుకుంటుండగా మూల జిగురు బెత్తెడు మేర విడిపోయింది. మిగిలిన నీళ్లన్నీ ఒక్కసారే హాల్లోకి దూకి, చాపలు తడిపి, గడప దాటాయి. సరిగ్గా అప్పుడే గడప అవతల లింగమ్మ, ఆమె వెనుక ఇద్దరు కోడళ్లు నిలబడి ఉన్నారు. నీళ్లు నేరుగా వెళ్లి లింగమ్మ పాదాలు కడిగాయి.

లింగమ్మ కిందికి చూసుకుంది. తర్వాత అఖిలను చూసింది.

"కాళ్లకు నీళ్లియ్యాలె గని, గిట్ల ఇల్లంత నింపి ఇస్తరా బిడ్డా?"

తప్పయిందని చెప్పబోయి అఖిల నోరు తెరిచింది. మాటకు బదులు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. లింగమ్మ వెనుక కోడళ్లు ఊపిరి బిగబట్టి, ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు.

ఇంతలో చేపలు నోళ్లు తెరుస్తున్నాయని పెంటయ్య చెప్పాడు. అవి బకెట్లో పైకి తేలి గుటకలు వేస్తున్నాయి. అఖిల మళ్లీ ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. కరెంటు లేదు కాబట్టి పంపు ఆడడం లేదని, నీళ్లకు గాలి అందడం లేదని, మగ్గుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూనే ఉండాలని, ఆపితే చేపలు దక్కవని ఉపేందర్ చెప్పాడు. తను బయల్దేరానన్నాడు.

లింగమ్మ చేతిసంచి కోడలికిచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి, పీట లాక్కుని బకెట్ ముందు కూర్చుంది.

"మగ్గు తే," అంది. "చిన్నప్పుడు మిరప తోటకు బావి తోడిన చెయ్యి ఇది. గీ రెండు చేపలకు ఊపిరి పొయ్యనా?"

అంతే, ఆ ఇంట్లో చుట్టాలెవరో, ఇంటివాళ్లెవరో తేడా లేకుండా పోయింది. పెద్ద కోడలు దుప్పట్లు పరిచి నీళ్లు పీల్పిస్తే, చిన్న కోడలు వాటిని బాల్కనీలో పిండింది. అఖిల అదే బకెట్‌కు అవతల కూర్చుని రెండో మగ్గు పట్టింది. పెంటయ్య చీపురుతో నీళ్లను బాత్రూమ్ వైపు తోలుతూ, వచ్చిన దారినే మళ్లీ వచ్చే నీళ్లను పేరుపెట్టి తిట్టాడు. లింగమ్మ పోస్తూ పోస్తూ, నోరు పెద్దగ తెరువు కొడుకా, అని చేపలకు బుద్ధి చెప్పింది.

అప్పుడు ఆమె పక్కనుంచి ఒక గుల్ల నడుచుకుంటూ వెళ్లింది. ఎటూ చూడకుండా, పని మీద పోతున్న పెద్దమనిషిలా, వంటగది వైపు. పెద్ద కోడలు కెవ్వుమని దుప్పటితో సహా జారి, కూర్చున్నది కూర్చున్నట్టే తలుపు దాకా వెళ్లింది. గుల్ల చప్పున ఆగి, కాళ్లు లోపలికి ముడుచుకుంది.

లింగమ్మ భుజాలు కదిలాయి. కడుపులో ఏదో గుర్రుమంది. చాన్నాళ్లు వాడని మోటారు తిప్పగా తిప్పగా అందుకున్నట్టు, ఆమె నవ్వు రెండుసార్లు ఆగి, మూడోసారి పట్టుకుంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో మాత్రం నీళ్లు పోయడం ఆపలేదు. ఆ నవ్వు చూసి కోడళ్లు మొదట బెదిరారు, తర్వాత తామూ పడి పడి నవ్వారు. ఇంటి మీదుగా విమానం దిగుతూ కిటికీలు దడదడలాడించింది. ఆ మోతలో ఎవరి నవ్వు వాళ్లకే వినిపించలేదు, అయినా నవ్వుతూనే ఉన్నారు.

హెల్మెట్ కూడా తీయకుండా లోపలికొచ్చిన ఉపేందర్ గడపలోనే ఆగిపోయాడు. అత్త మోకాళ్ల దాకా తడిసి, కళ్లు తుడుచుకుంటూ మగ్గు ఊపుతోంది. భార్య కొప్పు ఊడి, ముఖమంతా ఉప్పు చారలతో, పీతను అరచేతిలో పెట్టుకుని దానికి ఏదో సర్దిచెబుతోంది.

"చూస్తవేందిరా?" అంది లింగమ్మ. "చెయ్యి గుంజుతున్నది, జర నువ్వు పొయ్యి."

అతను దారిలో బ్యాటరీతో గాలి ఊదే చిన్న మిషన్ కొనుక్కొచ్చాడు. దాన్ని బకెట్లో వేస్తే బుడగలు లేచాయి, చేపలు కిందికి దిగాయి. లింగమ్మ ఆ బుడగలను నమ్మక, ఇంకో పది మగ్గులు పోసిగాని లేవలేదు.

బగారా అన్నం అడుగంటింది. హాల్లో కూర్చోవడానికి అరచేయంత పొడి చోటు లేదు. పెంటయ్యతో సహా అందరూ మెట్ల మీద వరసగా కూర్చుని, పై మెట్టు నుంచి కింది మెట్టుకు మటన్ గిన్నె అందించుకుంటూ తిన్నారు. చీర అంచున ఆరి తెల్లబడ్డ ఉప్పును లింగమ్మ గోటితో గీకి చూసుకుని, మన చేపలు ఎట్లున్నాయని మాటిమాటికీ అడిగింది. మన అనే మాట విన్నప్పుడల్లా అఖిలకు ముద్ద పొలమారింది.

ఆ వారమంతా చేపలు నీలం డ్రమ్ములో కాపురమున్నాయి. ఉపేందర్ పాత జిగురంతా గీకేసి, కొత్తది పట్టించి, ఆరనిచ్చాడు. తొట్టిని డాబా మీదికి చేర్చి, కింద పాత పేపర్లు పరిచి, మామూలు నీళ్లతో నింపాడు. ఒక్క బొట్టు కారినా పేపర్ చెబుతుంది. అతనూ అఖిలా పెంటయ్యా దాని చుట్టూ చతికిలబడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాత వార్తలు చదివారు. పేపర్ పొడిగానే ఉంది. లింగమ్మ వీడియో కాల్‌లో నాలుగు మూలలూ విడివిడిగా చూపించుకుంది. ఒక మూల నల్లగా ఉన్నదేమిటని నిలదీస్తే, అది ఎవరిదో ఫోటో అని అఖిల చెప్పింది.

ఇక సాయంత్రమే తొట్టిని హాల్లోకి తెచ్చి, కొత్త ఉప్పునీళ్లు నింపి చేపలను దింపుతామని ఉపేందర్ అన్నాడు.

"ఇయ్యాల అమాస. రేపు పొద్దుగాల దింపుండ్రి," అని లింగమ్మ ఫోన్ పెట్టేసింది.

చేపలకు అమావాస్య ఏమిటని ముగ్గురూ ముఖాలు చూసుకుని నవ్వారు. నవ్వారు గాని, ఆ పూట డ్రమ్ము మీద చెయ్యి వేసే ధైర్యం మాత్రం ఎవరూ చేయలేదు.