రాఘవేందర్‌కు తండ్రి కావాలి

పదిహేను మంది ఉన్నారు. పదహారోవాడి భుజం ఆ ఉదయం రిహార్సల్లోనే విరిగింది. తెల్లారితే షూటింగ్.

పంజగుట్ట ఆఫీసు మూడో అంతస్తులో మంజుశ్రీ కథలు రాస్తుంది. "దాటు చూద్దాం" అనే టీవీ పోటీకి. తాళ్ల గోడ ఎక్కాలి, బురదలో పాకాలి, తిరిగే దుంగల మీద పరుగెత్తాలి. ఊరికే ఎక్కితే జనం చూడరట. ముందు ఏడిపించాలి, తర్వాత ఎక్కాలి. అందుకని ఒక్కో పోటీదారుకు ఒక్కో కథ.

నిర్మాత కేదార్ ఒక బలమైన మనిషిని తెచ్చి ఆమె బల్ల ముందు నిలబెట్టాడు.

"మనిషి దొరికాడు మంజు గారూ. కథే లేదు. మీరే అడిగి చూడండి."

అడిగింది. పేరు వీర్రాజు. ఊరు సామర్లకోట. సినిమాల్లో ఫైట్లు చేస్తాడు. నాన్న బతికే ఉన్నాడు, సైకిల్ షాపు. అమ్మ బతికే ఉంది. చెల్లికి పెళ్లయింది, బాగానే ఉంది.

"చిన్నప్పుడేమైనా పెద్ద జబ్బు?"

"ఒకసారి కామెర్లొచ్చాయండి. తగ్గిపోయాయి."

"చూశారా," అన్నాడు కేదార్. "ఇతని మొహానికి సాయంత్రంలోగా ఒక మనిషిని తయారు చెయ్యండి. పదహారు మంది లేకపోతే ఛానల్ ఎపిసోడ్ ఆపేస్తుంది. అదాగితే మీ ఉద్యోగం కూడా ఆగిపోతుంది. ఏమనుకోకండి."

ఆమె ఏమీ అనుకోలేదు. మనిషిని తయారు చేయడం ఆమెకు కొత్త కాదు. ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు అమీర్‌పేటలో అదే పని. డిగ్రీ కాగితం పట్టుకుని బస్సు దిగిన పిల్లలకు మూడేళ్ల అనుభవం పుట్టించేది. లేని కంపెనీ, లేని ప్రాజెక్టు, లేని మేనేజరు. ఆ సందుల్లో దాన్ని అబద్ధం అనరు, ఎక్స్‌పీరియెన్స్ పెట్టడం అంటారు. అన్నం పెట్టడం అన్నంత మామూలుగా అంటారు. ప్రతి ఉద్యోగమూ అనుభవం అడిగితే ఉద్యోగం లేనివాడు అనుభవం ఎక్కణ్నుంచి తెస్తాడు? అడిగేవాడికి లేని సిగ్గు పెట్టేవాడికి ఎందుకు?

అక్కడ ఒక పద్ధతుంది. పేరు అబద్ధం పెట్టు, వివరాలు నిజం పెట్టు. ఎవడెన్ని ప్రశ్నలు వేసినా తడబడవు. ఫోన్ నంబరు మాత్రం మోగేది ఇవ్వు, ఎత్తేవాడు మనవాడై ఉండాలి.

ఆ పద్ధతిలోనే టైపు చేసింది. పేరు వేముల రాఘవేందర్. ఊరు సిరిసిల్ల. ఒక్కడే కొడుకు. తండ్రి ధర్మయ్య మరమగ్గాల షెడ్డులో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో పంతొమ్మిది రోజులున్నాడు. చివరి రోజుల్లో దుప్పటి అంచు పోగులు లాగి, రెండేసి కలిపి ముడి వేసేవాడు, మగ్గం మీద తెగిన పోగు అతికినట్టు. తల్లి విజయరాణి. ఫోన్ నంబరు ఇది.

రాఘవేందర్ తప్ప అన్నీ నిజాలే. ధర్మయ్య మంజుశ్రీ తండ్రి. ఆయనకు కొడుకుల్లేరు. ఆమె ఒక్కతే.

టైపు చేస్తుంటే ఏమీ అనిపించలేదు. తర్వాత అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది. టీ వచ్చింది. తాగింది.

కేదార్ చదివి కళ్లజోడు తీశాడు. "ఈ ముడి ఉంది చూశారూ, ఇది కావాలి. గోడ ఎక్కే ముందు వీడు దారం తీసి ముడి వేస్తాడు. క్లోజప్. ఎక్కడ దొరికిందండీ మీకు?"

"దొరికింది సర్."

"గోడ ఎక్కకముందే ఏడుస్తారు జనం. ఇతనికి ముడి నేర్పించండి."

ముడి ఆమెకు రాదు. తండ్రి ఏనాడూ షెడ్డులోకి అడుగు పెట్టనివ్వలేదు, చదువుకొమ్మన్నాడు. వచ్చేది తల్లికి. వీర్రాజును తీసుకుని మెట్రో ఎక్కింది. ఒక్క స్టేషనే.

అమీర్‌పేటలో హాస్టళ్ల సందు. విజయరాణి ముందుగదిలో జాకెట్లు కుడుతుంది, వెనకగదిలో కాపురం.

"అమ్మా, గీయనకు పోగు అతుకుడు జర నేర్పు. టీవీల కావాలె."

విజయరాణి వీర్రాజు చేతులు చూసింది. "గింత లావు వేళ్లకా? సరే కూసో."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె రెండు దారాలు ఇచ్చింది.

"గట్ల గుంజకు బిడ్డ. అది పోగు, ఎద్దు కాదు. బొటనేలి కింద వెట్టు. మీదికెల్లి తిప్పు. ఆఁ, మల్ల తెంపినవా."

"మీరు బాగా చెప్తున్నారండి. నా చేతులే మొద్దు."

"గోడలు దుంకేటోనికి గిదెందుకు బిడ్డ?"

వీర్రాజుకు దాచడం తెలియదు. "మా నాన్నగారు మగ్గాల్లో పనిచేసి పోయారండి. అంటే కథలో. ధర్మయ్య గారని. ఆస్పత్రిలో దుప్పటికి ముళ్లు వేసేవారంట పాపం."

విజయరాణి చేతిలో దారం అలాగే ఉండిపోయింది. కూతురి వైపు చూసింది.

"మీ నాయినకు సుత ఎక్స్‌పీరియెన్స్ పెట్టినవా?"

"ఊకె పేరేనమ్మా."

"దుప్పటి సుత పేరేనా?"

 వీర్రాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"నాకు తెలీదండి. ఎవరో కల్పించిన మనిషనుకున్నాను. నేను మానేస్తానండి."

"కూసో. నీ తప్పేమున్నది? ముడి ఇంక రాలే నీకు."

అప్పుడే విజయరాణి ఫోన్ మోగింది.

పోయిన సీజన్లో ఒకడు బతికున్న అక్క పోయిందని ఏడ్చి గెలిచాడు. ఆ అక్కే పేపర్లో ఫొటో వేయించుకుంది. అప్పట్నుంచి ఛానల్ వాళ్లు ఇంటివాళ్లకు ఫోన్ చేసి అడుగుతున్నారు. మంజుశ్రీకి ఈ సంగతి తెలుసు. అమీర్‌పేట ఆఫీసులో మేనేజరు గొంతుతో మాట్లాడే మనిషి ఎప్పుడూ పక్క కుర్చీలోనే ఉండేవాడు. వేరే చెప్పాల్సిన పని పడేది కాదు. ఆ అలవాటులోనే అమ్మ నంబరు వేసింది. అమ్మకు చెప్పనే లేదు.

"అది మా ఛానలోల్లదే," అంది మెల్లగా. "కొడుకు లేడంటే నా నౌకరి పోతది."

విజయరాణి ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి ఎత్తింది.

"నమస్తే అమ్మా. ఛానల్ నుంచి రాగసుధను. విజయరాణి గారేనా?"

"ఔ."

"మీ వారు ధర్మయ్య గారు చనిపోయారా అమ్మా?"

"పోయిండు. మూడేండ్లాయె."

"సారీ అమ్మా. రాఘవేందర్ మీ అబ్బాయే కదా?"

వీర్రాజు తల వంచుకున్నాడు. విజయరాణి అతణ్ని చూసింది, అతని ఒళ్లో తెగిన దారాలను చూసింది.

"ఔ. నా కొడుకే."

"ఒక్కడే కొడుకు అని రాశారు. ఇంకెవరైనా పిల్లలున్నారా?"

ఈసారి కూతుర్ని చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, వినపడుతోందా?"

"ఇనవడుతున్నది. ఇంకెవలు లేరు."

ఫోన్ పెట్టేసింది. బయట సందులో ఎవరో స్పోకెన్ ఇంగ్లీషు కరపత్రాలు పంచుతూ అరుస్తున్నాడు.

"అయిపాయెనా నీ పని?" అంది విజయరాణి.

"అయింది."

"మంచిగున్నదా?"

"ఏమో అమ్మా."

తల్లి అక్కడ కూర్చోలేకపోయింది. మిషను దగ్గరికి వెళ్లి సగం కుట్టిన జాకెట్టు చేతిముక్క అందుకుంది. వీర్రాజు చెప్పులేసుకుని బయట మెట్ల మీద నిలబడ్డాడు.

మంజుశ్రీ ఫోన్లో కేదార్ మెసేజ్ వచ్చింది. క్లియర్ అయిందట. బాగా చేశారట. తండ్రి ఫొటో ఉంటే వెంటనే పంపమన్నాడు, దండతో ఉన్నదైతే మేలట.

ధర్మయ్య ఫొటో మిషను పైన గోడకే ఉంది. మంజుశ్రీ స్టూలు జరుపుకుని ఎక్కింది. అద్దం మీద ట్యూబులైటు పడి మొహం కనిపించలేదు. పక్కకు జరిగి తీసింది. మళ్లీ వెలుగే. చెయ్యి చాపి స్విచ్ ఆర్పి తీసింది. ఈసారి గుమ్మం వెలుతురులో కళ్లు, మీసం, అన్నీ శుభ్రంగా వచ్చాయి. పంపింది.

కింద మిషను ఆగింది.

"లైటెయ్యి," అంది విజయరాణి తలెత్తకుండా. "కుట్టు కానొస్తలేదు."

వేసింది.