గుట్టకింది వీధి చైర్మన్

బుడన్‌బీకి అక్షరం ముక్క రాదు. అయినా ఆ ఊరి మున్సిపల్ చైర్మన్ల చరిత్ర ఆమెకు తెలిసినంతగా ఆఫీసులో రికార్డులు రాసేవాళ్లకు కూడా తెలియదు. ఏ చైర్మన్ కాలంలో ఎంత దూరం నడిచి నీళ్లు తెచ్చుకున్నదో ఆమె కాళ్లకు బాగా గుర్తు.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఉన్న చిన్న ఊరది. డెబ్బైల మొదట్లో గంగాధరప్ప చైర్మన్. ఆయనకు శనక్కాయల నూనె మిల్లు ఉండేది. ఊరికి మంచినీళ్ల పైపు వేయిస్తానన్నాడు, వేయించాడు. అది మిల్లు దగ్గర ఆగిపోయింది. తర్వాత కౌన్సిల్ పోయి స్పెషలాఫీసరు వచ్చాడు. పైపు ఆయన క్వార్టర్స్ దాకా పోయింది. ఎనభై ఒకటిలో నారాయణస్వామి గెలిచాడు. ఆయనకు సినిమా టాకీసు ఉంది. పైపు టాకీసు దాకా వచ్చింది. ఇంటర్వెల్‌లో జనం కాళ్లు కూడా కడుక్కునేవాళ్లు. గుట్టకింది వీధికి మాత్రం చుక్క రాలేదు. ఆ వీధి నుంచి చైర్మన్ అయినవాడు లేడు కదా మరి.

బుడన్‌బీ ఆ వీధి చివర బొరుగుల బట్టీ నడుపుతుంది. మొగుడు పోయాక అదే కూడు పెడుతోంది. వడ్లు నానబెట్టాలంటే దినానికి పన్నెండు బిందెలు కావాలి. టాకీసు కొళాయి నుంచి మోసి మోసి నడుము పట్టేసింది. ఇంకో ఏడాది ఇట్లా మోస్తే బట్టీ ఆర్పేసి కూలికి పోవలసిందే.

ఎనభై ఏడులో చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకోవచ్చునన్నారు. ఆమె పొద్దున్నే తన వీధిలోనే ఉండే టైలర్ అంజనప్ప దగ్గరికి పోయింది.

"ఏమప్పా, నువ్వు నామినేషన్ వెయ్యాల."

అంజనప్ప మిషన్ ఆపలేదు. "జాకెట్లు కుట్టేకే పొద్దు చాలదక్కా నాకు."

"జాకెట్లు ఎవురన్నా కుడతారు. గెలిస్తే ఏం చెయ్యాలో తెలుసు గదా?"

"పైపు."

"అదొక్కటి చాలు. మిగతా ఊరు ఎట్లన్నా పోనీ."

తప్పు మాటే. కానీ అప్పటిదాకా ఊరిని ఏలిన వాళ్లందరూ చేసింది అదే. వాళ్లు పైకి చెప్పలేదు, అంతే.

మిల్లు వర్గమూ టాకీసు వర్గమూ తన్నుకుని ఓట్లు చీల్చుకున్నాయి. మధ్యలో అంజనప్ప గెలిచాడు. గెలిచానని నమ్మడానికి ఆయనకు రెండు దినాలు పట్టింది.

బుడన్‌బీ అంతసేపు ఆగలేదు. "పైపుకు కాలువ మనమే తవ్వి పెడితే, దుడ్లు లేవని చెప్పేకి ఆఫీసోళ్లకు నోరుండదు," అన్నది. నీళ్లు వదిలే నబీసాబ్ మున్సిపాలిటీ మనిషే. ఆయనే వచ్చి సున్నంతో గీత గీశాడు. పైపు నడివీధిలోనే పోవాలన్నాడు. వీధంతా గడ్డపారలు పట్టి ఆరు దినాల్లో, మొరం నేలలో, నడుము లోతు కాలువ తవ్వింది. ఈ చివర నుంచి ఆ చివరకు.

ఏడో దినం చైర్మన్‌కు జీపు వచ్చింది. అది వీధి మొదట్లోనే నిలిచిపోయింది.

అంజనప్ప రెండు దినాలు కాలువ దాటుకుని నడిచిపోయాడు. మూడో దినం పంచె అంచు తట్టుకుని కాలువలో పడ్డాడు. నాలుగో దినం సామాన్లు కట్టుకున్నాడు.

"యాడికి పోతాండావు?" అన్నది బుడన్‌బీ.

"బజార్లో మిద్దె ఇల్లు చూసినానక్కా. ఈడ జీపు యాడ నిలబెట్టేది?"

"కొళాయి ఉండాదా ఆడ?"

"రెండుండాయి," అన్నాడు అంజనప్ప. అని నాలుక కరుచుకున్నాడు.

నెల గడిచింది. వీధికి పైపు రాలేదు. ఎస్టిమేట్ పోయిందన్నారు. యాడికి పోయిందో చెప్పలేదు. కాలువలో ఒక మేక కాలు విరిగింది. చైర్మన్ ఇల్లు మారాడు, ఇక పైపు రాదులే అని మొగవాళ్లు కాలువ పూడ్చడానికి లేచారు.

"పార ముట్టుకుంటే చేతులిరుగుతాయి," అన్నది బుడన్‌బీ. ఆడవాళ్లను వెంటేసుకుని బజారుకు పోయింది. నలభై బిందెలు. చైర్మన్ ఇంటి గుమ్మం నుంచి జీపు దాకా వరుసగా పెట్టారు.

అంజనప్ప బయటికి వచ్చాడు. "ఇదేందక్కా?"

"మన వీధి చైర్మన్‌వి గదప్పా. నీ కొళాయి మాది గాదా?"

"నేను పెనుకొండలో మీటింగుకు పోవాల."

"పో. బిందెలు తొక్కకుండా పో."

ఆ దినం ఆయన పోలేదు. మరుసటి దినమూ పోలేదు. పక్కింటివాళ్లు నవ్వారు, ఆయన భార్య నవ్వలేదు. ఆమెకూ ఇంట్లోకి నీళ్లు దొరకలేదు.

"ఇట్లా ఎన్ని దినాలు వస్తారక్కా?" అన్నాడు ఐదో దినం.

"నీ పదవి ఎన్నేండ్లు?"

"ఐదు."

"అంతే."

పదకొండో దినం లారీలో పైపులు వచ్చాయి. కాలువ తయారుగా ఉంది కాబట్టి నబీసాబ్ మూడు దినాల్లో దించి పూడ్చాడు. బట్టీ ఎదురుగానే కొళాయి పెట్టాడు. తిప్పితే మొదట గాలి వచ్చింది, తర్వాత ఎర్రమట్టి వచ్చింది, ఆ తర్వాత నీళ్లు. బుడన్‌బీ పన్నెండు బిందెలు పట్టి వడ్లు నానబెట్టింది.

మరుసటి పొద్దున అంజనప్ప తలుపు తీస్తే మళ్లీ బిందెలున్నాయి. ఈసారి ఇంకా కొళాయి లేని రైలుగేటు వీధివాళ్లవి. వాళ్ల ముందర నిలబడి బిందెలు సర్దుతున్నది బుడన్‌బీ.

"నీకు కొళాయి వచ్చె గదక్కా. మళ్లీ ఏల వచ్చినావు?"

"వీళ్లకు వరుసలో నిలబడేకి రాదప్పా," అన్నది ఆమె. "నేర్పిస్తాండా."