తిరగేసిన బిళ్ళ

చిలకలగూడలోని కమ్యూనిటీ హాల్లో ప్రతి రెండో ఆదివారం మా నాణేల క్లబ్బు కలుస్తుంది. టంకశాలలోనే తప్పుగా పడిన నాణెమేదో, బయట ఎవరో పాడుచేసినదేదో తేల్చే కుర్చీ నాది. వీడియోలు చూసి, టంకశాల తప్పులకి లక్షలొస్తాయని వచ్చేవాళ్ళే ఎక్కువ. రైలు పట్టాల మీద పెట్టి చదును చేసినవీ, యాసిడ్‌లో ముంచినవీ తెస్తారు. వాళ్ళని చెడామడా తిట్టి పంపడం నాకు సరదా. విజయేందర్ సార్ నోట్లో నోరు పెట్టొద్దని నా గురించి చెప్పుకుంటారు.

మొన్న ఆదివారం నా ముందుకు మోయిజ్ వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క లేత్ మిషన్ల మీద పనిచేశాం. అతను రుమాలు విప్పగానే గుర్తుపట్టాను. పది రూపాయల బిళ్ళ. పది అంకె ఉన్న వైపు, మధ్యలో రూపాయి గుర్తుకి బదులు అవతలి వైపు ఉండాల్సిన సింహాలు.

అది నేను చేసిన పనే. పన్నెండేళ్ళ కిందట, నాణేల పిచ్చి ఉన్న మోయిజ్‌ని ఆట పట్టిద్దామని ఆ బిళ్ళలోని తెల్లటి నడిమి భాగం ప్రెస్ మీద ఊడగొట్టాను. అంచు ఆకురాయితో కాస్త అరగదీసి, తిరగేసి బిగించాను. క్యాంటీన్ చిల్లరలో అతనికే వచ్చేలా చూశాను. అరుదైన నాణెం దొరికిందని మోయిజ్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. మర్నాడు ఆ సంబరంలో వాళ్ళమ్మ జాన్ బీ మా అందరికీ ఎండు ఆప్రికాట్లతో చేసే తీపి, ఖుబానీ కా మీఠా డబ్బా నిండా పంపింది. అతని వెనక నవ్వుకుంటూ తిన్నాం. నేనైతే రెండుసార్లు పెట్టించుకున్నాను. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక నోరు రాలేదు.

"జెర చూసి చెప్పు భాయ్. అసలుదేనా?" అన్నాడు మోయిజ్.

చూడక్కర్లేకపోయినా భూతద్దం పెట్టాను. చుట్టూ పదిమంది మూగారు.

"రెండు లోహాలు కలిపినంకనే అచ్చు పడ్తది. నడిమిది ఒక్కటే ఎట్ల తిరగవడ్తది? ఎవరో ఊడగొట్టి పెట్టిండ్రు" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మోయిజ్ అటు చూడలేదు.

"ఎవరు చేసిండ్రో తెలుస్తదా?"

"గదెట్ల తెలుస్తది?"

అతను లేచి నన్ను వరండాలోకి రమ్మన్నాడు. బిళ్ళ నా అరచేతిలో పెట్టి, అతుకు దగ్గర వేలు ఆనించాడు.

"ఆకురాయి గీతలన్నీ ఎడమకు వంగినయ్. మన ఫ్యాక్టరీల ఆకురాయి ఎడమచేతితోని పట్టెటోడివి నువ్వొక్కనివే."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "ఎప్పుడు తెలిసింది?"

"గా రాత్రే. అప్పటికే అమ్మ మీఠా చేస్తుండె. మస్తు ఖుషీగ ఉండె, చెప్పలేకపోయిన."

"తెలిసి సుత మాకు తెచ్చి పెట్టినవా?"

"తింటప్పుడన్న చెప్తవనుకున్న. పన్నెండేండ్లు చూసిన. ఇయ్యాల పదిమంది ముంగట అడిగినా చెప్పకపోతివి."

బిళ్ళ నా చేతిలోనే వదిలేసి మెట్లు దిగాడు. కోపం కూడా లేదు అతని ముఖంలో. ఉంటే కాస్త నయంగా ఉండేది నాకు.

"నేనే చేసిన మోయిజ్ భాయ్" అన్నాను చివరికి. అప్పటికే అతను స్కూటర్ స్టార్ట్ చేశాడు. వినబడలేదు.