కొనేవాళ్లు ఒకటి నొక్కండి

మిషనక్కకు ఎవరు ఫోన్ చేసినా గంట మోగేది కాదు, ప్రేమపాట వినిపించేది. ఆ సంగతి చాలా రోజులు ఆమెకే తెలియదు. తన నంబరుకు తనే ఫోన్ చేసుకునేవాళ్లెవరు? బడి పెద్ద టీచరు యూనిఫారాల గురించి మాట్లాడదామని చేసి, ఆ పాట విని విసుక్కుని పెట్టేసి, ఆయమ్మతో కబురు పంపితే అప్పుడు బయటపడింది. పిల్లల బట్టలు కుట్టేచోట ఈ సరసాలేమిటని అడిగి రమ్మన్నారట. చెబుతూ ఆయమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

మిషనక్కకు నవ్వు రాలేదు. ఇంటి ముందుగదిలో ఆమె, మరికొందరు ఆడవాళ్లు కలిసి కుట్టుపని చేస్తారు. ఆర్డరు రావాలన్నా, కొలతలు సరిచూసుకోవాలన్నా, బట్టలు సిద్ధమని చెప్పాలన్నా అన్నిటికీ ఆ ఫోనే దిక్కు. కొన్నాళ్లుగా అందులో వేసిన డబ్బులు వేసినట్టే మాయమవుతున్నాయి. కాజాలు కుట్టే వదినకూ అంతే, అంచులు మడిచే పిన్నికీ అంతే. రేట్లు పెరిగాయి కాబోలని ఎవరికివారు సరిపెట్టుకున్నారు.

బస్సు నడిపే భర్త ఆ రోజు భోజనానికి వచ్చి ఫోను తిరగేసి చూశాడు. పాట పెట్టినందుకు రోజూ కొంత కోసుకుంటున్నారు. వచ్చిన మెసేజీలన్నీ ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఉన్నాయి. ఎప్పుడో తెరమీద ఒక డబ్బా వచ్చి కూర్చుంటే, అది పోవడానికి ఆమె ఏదో నొక్కింది. దాన్నే కంపెనీవాళ్లు ఒప్పుకోలు కింద రాసుకున్నారు.

ఫిర్యాదుల నంబరుకు చేసింది. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కింది. తేనె పూసిన గొంతు ఒకటి తెలుగులో స్వాగతం పలికి, ఆగమని చెప్పి, సంగీతం పెట్టింది. ఆ సంగీతం వింటున్నంతసేపూ డబ్బులు కరిగాయి, ఎందుకంటే ఆ నంబరుకు చేస్తే పైసలు పడతాయి. చివరికి ఒకాయన పలికాడు. తెలుగులో కాదు. ఆయన తన భాషలో ఓపిగ్గా చాలాసేపు చెప్పాడు, ఈమె తన భాషలో అంతకంటే ఓపిగ్గా చెప్పింది. ఇద్దరూ మర్యాదస్తులే. నమస్కారాలు కూడా చెప్పుకున్నారు. మర్నాటినుంచి పాటతోపాటు రోజుకో జోకు కూడా రావడం మొదలైంది, అదీ ఆ రాని భాషలోనే. దానికీ డబ్బులు కోశారు.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదేనని కాజాల వదిన నిట్టూర్చింది. ఇంకో రెండు మూడుసార్లు చేసినా అంతే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. గుమ్మం పక్కన కూర్చుని దారప్పోగులు ఏరుతున్న అత్త చివరికి విసిగిపోయింది.

"ఏడుపు వినడానికి ఎవరొస్తారే? కొంటానను, పరిగెత్తుకుంటూ వస్తారు" అంది.

మిషనక్క చేతిలో కత్తెర ఆగింది. కొత్త కనెక్షన్ కొనేవాళ్లకు వేరే నంబరుందని, దానికి చేసి ఒకటి నొక్కమని ఆ గొంతు ప్రతిసారీ చెబుతూనే ఉంది, తనే వినిపించుకోలేదు. ఆ నంబరుకు పైసలు కూడా పడవు. చేసింది. ఒకటి నొక్కీ నొక్కకముందే చక్కటి తెలుగులో ఒక అమ్మాయి పలికింది. ఎంత చక్కటి తెలుగంటే, గదిలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

మిషనక్క అబద్ధమాడలేదు. తమ గదిలో పనిచేసేవాళ్లందరికీ ఒకే స్కీము కింద కొత్త కనెక్షన్లు తీసుకోవాలన్న ఆలోచన ఎప్పటినుంచో ఉంది. ఆ మాటే చెప్పింది. అమ్మాయి పొంగిపోయి స్కీములన్నీ ఏకరువు పెట్టింది. అంతా విని మిషనక్క అడిగింది.

"కొన్నాక ఇబ్బందొస్తే తెలుగులో ఎవరితో మాట్లాడాలమ్మా?"

"రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతాం మేడమ్."

"అయితే ఇప్పుడే ఆ లైను కలపండి. మీరు మాత్రం పెట్టేయకుండా వినండి. అవతల తెలుగు పలికితే మా అందరికీ ఇవాళే తీసుకుంటాను."

అమ్మాయి కలిపింది. సంగీతం వచ్చింది. ఆ అమ్మాయికి కూడా అది వినడం అదే మొదటిసారి కాబోలు, మధ్యలో ఒకసారి దగ్గింది, ఇంకోసారి క్షమించమంది. ఎట్టకేలకు అవతల మనిషి పలికాడు. పాత భాషే.

అమ్మాయి గొంతు మారింది.

"ఆయనకి నేను చెబుతాను. మీరు ఒక్కో ముక్కా చెప్పండి అక్కా" అంది.

మేడమ్ పోయి అక్క వచ్చిందని అందరూ గమనించారు. మిషనక్క చెప్పింది, అమ్మాయి ఆ భాషలోకి మార్చి చెప్పింది. అవతలాయన చెడ్డవాడేమీ కాదు. తెలుగువాళ్ల ఫోన్లు తనకెందుకు వస్తున్నాయో తనకూ తెలియదని, ఇన్నాళ్లూ వీళ్లు పాట బాగుందని మెచ్చుకుంటున్నారనుకున్నానని చెప్పుకున్నాడు. పాట తీసేశాడు, జోకు తీసేశాడు, కోసిన డబ్బంతా తిరిగి వేశాడు. మిషనక్క అంతటితో వదల్లేదు. కాజాల వదినను పిలిచింది, పిన్నిని పిలిచింది. ఒకరి తర్వాత ఒకరు ఫోను ముందుకు వచ్చి తమ గోడు చెప్పుకున్నారు. అందరి డబ్బులూ తిరిగొచ్చాయి. ఆ సాయంత్రమే పెద్ద టీచరుకు ఫోన్ చేసి, ఒకసారి తిరిగి చేసి చూడండని మిషనక్క ధీమాగా చెప్పింది. మామూలు గంట మోగింది. యూనిఫారాల ఆర్డరు వచ్చింది.

కొత్త కనెక్షన్లు మాత్రం ఆమె తీసుకోలేదు. ఫిర్యాదుల లైనులో తెలుగు పలికిన రోజు తీసుకుంటానని అమ్మాయికి మాటిచ్చింది.

ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆ మాట ఈసారి మేలే చేసింది. కాజాల వదిన కూరగాయల కొట్లో చెప్పింది, పిన్ని తన చెల్లెళ్లకు చెప్పింది, భర్త డిపోలో డ్రైవర్లందరికీ చెప్పాడు. వారం తిరిగేసరికి కొనేవాళ్ల లైనుకు కొననివాళ్లు పోటెత్తారు. అందరిదీ ఒకటే షరతు: ముందు ఫిర్యాదుల లైను కలపండి, మీరూ వినండి. అమ్మకాలు ఆగిపోయాయి. ఎన్ని ఫిర్యాదులకూ కదలని పెద్దలు, అమ్మకం ఆగేసరికి కుర్చీల్లోంచి లేచారు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. తననూ ఇంకొందరు తెలుగువాళ్లనూ ఫిర్యాదులకు మార్చారట, జీతం కూడా పెంచారట. ఇకనుంచి ఆ నంబరుకు పైసలు పడవట.

"మీరు చెప్పినంత కాలం ఎవరూ వినలేదు, నేను విన్నాను కాబట్టే నమ్మాను. మా పైవాళ్లని కూడా కూర్చోబెట్టి వినిపించాను అక్కా" అంది.

"మా అందరికీ కనెక్షన్లు రాసుకో తల్లీ" అంది మిషనక్క.

గదిలో మిషన్లు ఆపి అందరూ చప్పట్లు కొట్టారు. అత్తకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఫోను లాక్కుని, ఫిర్యాదుల నంబరు కలిపించుకుని, నాలుగు నొక్కించుకుని, చెవికి ఆనించుకుంది. వెంటనే ఎవరో మగపిల్లవాడు పలికి, ఏం ఇబ్బంది వచ్చిందమ్మా అని తెలుగులో అడిగాడు.

అత్త కోడలివైపు చూసి, గొంతు సవరించుకుని, కాలు మీద కాలు వేసుకుంది.

"ఇబ్బందేం లేదు నాయనా. పలుకుతారో లేదో చూద్దామని చేశాను. సరే, ఇంతకీ భోంచేశావా?"